ఎర్రపోగు కట్టని చెయ్యి

కోసాడ్,
ఏప్రిల్ 12

బాపూ,

దండాలు. నీ పెద్దబిడ్డ ఊర్మిళను. ఒకే సూరత్‌లో ఉండి ఉత్తరం రాసుడేందని అమ్మ నవ్వుతుందేమో, నవ్వనీ. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ, మంచిదే బిడ్డా" అంటావు తప్ప నేను చెప్పింది ఒక్క ముక్క కూడా నీకు వినపడదని తెలుసు. ముప్పై ఐదేళ్లు మరమగ్గాల కార్ఖానాలో సాంచాల మధ్య నిలబడి చెవులు వాటికే ఇచ్చేసి వచ్చావు. ఎదురుగా వచ్చి చెప్పాలంటే అరవాలి. ఈ మాట అరిచి చెప్తే భేస్తాన్‌లో మన గల్లీ అంతా వింటుంది. అందుకే రాస్తున్నాను. మల్లేష్ డ్యూటీకి పోతూ మీ ఇంట్లో ఇచ్చిపోతాడు. ఇందులో ఏముందో అతనికి తెలియదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పుకోలేని మాట అయింది ఇది.

ఫిబ్రవరిలో ఫైనల్ రేసు ముందు నా కారు కింద చెయ్యి పెట్టింది నువ్వే.

కాదని రాయకు. సాక్ష్యం నా దగ్గరుంది, అది చివర్లో చెప్తాను. ముందు మొదటి నుంచి రాయనీ. ఆ రోజు నువ్వు అంతా కళ్లతో చూశావు గానీ ఎవరు ఏమన్నారో వినలేదు. నేనేం పోగొట్టుకున్నానో నీకు తెలియకపోవచ్చు. తెలిసే చేశావేమోనని కూడా ఒక్కోసారి అనిపిస్తోంది. అలా అనిపించినప్పుడు చేతిలో పానా పట్టుకుని ఎందుకు పట్టుకున్నానో మరిచిపోతున్నాను.

ఆల్థాన్‌లో ఓంప్రకాష్ సేఠ్ గ్యారేజీలో నేను చేరి ఎనిమిదేళ్లు. మన కులపోళ్ల ముందు నువ్వు "మా ఊర్మిళ ఆఫీసు పని చేస్తది" అని చెప్పుకుంటావని నాకు తెలుసు. గోళ్ల సందుల్లో గ్రీజు చూసి ఏ ఆఫీసు అనుకుంటారో వాళ్ల దయ. నాది కార్ల షాకులు, స్ప్రింగుల పని. సేఠ్‌కు రేసుల పిచ్చి ఉంది. ఒక పాత ఎస్టీమ్ కారు కొని, పెద్ద ఇంజన్ ఎక్కించి, డ్రాగ్ రేసుకు తయారు చేయించాడు. నడిపేది నీ కొడుకే, మన సుమన్. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, దీపం పచ్చగా కాగానే ఉరుకుతాయి. పావు మైలు, మలుపుల్లేని తోవ. పదమూడు సెకన్లలో అయిపోయే పనికి మేం నాలుగు నెలలు తిండి మానుకుని తిరిగాం.

ఆ నాలుగు నెలలూ నా పని ఒక్కటే, కారు ముక్కు లేవకుండా చూడడం. ఎస్టీమ్‌కు ముందు చక్రాలే లాగుతాయి. క్లచ్ వదలగానే బరువంతా వెనక్కి పోయి ముక్కు పైకి లేస్తుంది. లాగాల్సిన చక్రాల మీద బరువు లేకపోతే అవి ఉన్నచోటే తిరిగి పొగ పెడతాయి. మొదటి అరవై అడుగులకు రెండు సెకన్ల పైనే పట్టేది. ఈ రేసులో అక్కడ పోయింది మళ్లీ ఎక్కడా దొరకదు. వెనక కూర్చోకుండా గట్టి స్ప్రింగులు వేశాను. ముందు షాకులు తొందరగా సాగకుండా లోపలి నూనె మార్చాను. ముందు టైర్లలో గాలి తగ్గించాను, వెనక పెంచాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదని సాంచె దగ్గర నువ్వు చెప్పిన మాట పట్టుకునే చేశాను. అయినా ముక్కు రెండు వేళ్ల ఎత్తు లేస్తూనే ఉంది. ముక్కును చక్రాల కమ్మీకి గొలుసుతో కట్టి చూస్తే అది బిగుసుకున్నప్పుడల్లా దెబ్బ తగిలి చక్రాలు ఎగిరేవి. నైలాన్ పట్టీ కట్టినా అదే గతి.

అప్పుడు నీ కార్ఖానా గుర్తొచ్చింది. పోగు మోసుకుంటూ విసురుగా వచ్చిన నాడెను పెట్టెలో ఆపడానికి ఒక తోలు పట్టా ఉంటుంది కదా. అది మొదట కొంచెం ఇస్తుంది, తర్వాత పట్టుకుంటుంది. నాడెను ఎగరనివ్వదు, పగలనివ్వదు. నాకు కావలసింది అదే. నీ దగ్గరకు ఉరికివచ్చాను, గుర్తుందా? నీ పెట్టెలోంచి రెండు కొత్త పట్టాలు తీసి, ఆముదం రాసి ఇచ్చి, "బర్రె తోలు బిడ్డా, జిద్దు మీద ఉంటది" అన్నావు. ఆ రోజు నీ ముఖం చూసి నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది. కారుకు ఎడమ ఒకటి, కుడి ఒకటి బిగించాను. బ్రాకెట్లు నా చేత్తో నేనే వెల్డింగ్ చేశాను. పట్టాకు అయిదు బెజ్జాలు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే మూడో బెజ్జం దగ్గర కారు నేలను కరుచుకుని పోయింది. అరవై అడుగులు ఒకటి పాయింట్ తొమ్మిది సెకన్లలో వచ్చాయి. సుమన్ దిగివచ్చి నా తలమీద చెయ్యి పెట్టాడు, తమ్ముడైనా వాడే అన్న అయినట్టు.

సేఠ్ ఒక మాట ఇచ్చాడు. ఈ కారు గెలిస్తే పక్క షెడ్డు తీసుకుని సస్పెన్షన్ పనికి వేరే దుకాణం పెడతానని, దాని మీద నా పేరు రాయిస్తానని అన్నాడు. బోర్డు పెయింటర్‌ను కూడా అడిగి ఉంచాడు. మనవాళ్లు ఈ ఊరికి వచ్చి మూడు తరాలయింది బాపూ. మీ నాయిన నేశాడు, నువ్వు సాంచాలు బాగు చేశావు. సూరత్‌లో మన ఇంటి పేరు ఏ గోడ మీదా లేదు. నా పేరు ఉండబోతోందని నేను ఎవరికీ చెప్పలేదు. గెలిచాక నిన్ను తెచ్చి ఆ బోర్డు కింద నిలబెడదామనుకున్నాను.

రేసు రోజు నిన్నూ తీసుకుపోయాం. పొద్దటి పరుగులు మూడూ మంచిగా వచ్చాయి. పన్నెండు పాయింట్ ఏడు సెకన్లకు మించలేదు. ఫైనల్‌కు కార్లు లైన్‌లో నిలబడ్డాయి. టైర్ల కాగితం మీద సంతకం పెట్టించుకు రమ్మని సేఠ్ నన్ను పంపించాడు. పోయివచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. కారు దగ్గర నువ్వొక్కడివే ఉన్నావు, చేతులు వెనక కట్టుకుని. నన్ను చూసి నవ్వావు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనపడుతోంది.

తర్వాత నువ్వు చూసిందే. దీపం పచ్చగా అయింది, ముక్కు లేచింది, చక్రాలు తిరిగాయి, పొగ లేచింది. పదమూడు నాలుగు. పక్క లేన్ కారు పన్నెండు తొమ్మిదిలో పోయింది. పొద్దున్న మాదిరి వచ్చినా మనమే గెలిచేవాళ్లం. సేఠ్ అందరి ముందు, "మగ్గం తోలు కట్టి రేసు గెలుద్దామనుకున్నా చూడు, తప్పు నాది" అన్నాడు. అది నీకు వినపడలేదు. నాకు వినపడింది.

ఇంటికొచ్చాక నీ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎక్కడ తప్పు చేశానో తెలియడం లేదన్నాను, చేతులతో చూపించి మరీ అడిగాను. నువ్వు నా వీపు మీద చెయ్యి వేసి ఏమన్నావు? "తోలుకు ఎండ తగిలితె సాగుతది బిడ్డా, పోనియ్యి" అన్నావు. ముప్పై ఐదేళ్లు సాంచాలు బాగు చేసిన జాబర్ మాట అని నమ్మాను. మర్నాడు నేనే పోయి సేఠ్‌కు చెప్పాను, ఎండకు తోలు సాగింది, అంచనా వెయ్యకపోవడం నా తప్పు అని. నా నోటితో నేనే చెప్పాను బాపూ. ఆయన తల ఊపాడు. వారంలో పుణె నుంచి ఇంకొకాయనను తెచ్చాడు. రెండు నెలల నుంచి ఆయనకు నేను పానాలు అందిస్తున్నాను. కొత్త షెడ్డు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బోర్డు మాట పోనీ, నా చెయ్యి మీద నాకు నమ్మకం పోయింది. ఏ నట్టు బిగించినా రెండుసార్లు విప్పి చూసుకుంటున్నాను.

మొన్న గురువారం ఆయన పాత సామాను తుక్కులో వేస్తుంటే నా పట్టాలు కనపడ్డాయి. ఆ రేసు తర్వాత విప్పి మూలకు పడేసిన పట్టాలవి, బోల్టులు వాటికే ఉన్నాయి. మూడో బెజ్జంలో ఉండాల్సిన బోల్టులు రెండు వైపులా నాలుగో బెజ్జంలో ఉన్నాయి, అంటే పట్టా వదులైంది. తోలు సాగితే బోల్టు బెజ్జం మారదు కదా. పట్టా చివర వేలాడకుండా నేను నల్లదారంతో కట్టి ఉంచాను. దాన్నీ విప్పి మళ్లీ కట్టారు. కట్టింది నేత ముడి. కొసలు రెండూ ఎడమకు పోయాయి. సూరత్‌లో నేత ముడి లక్షమంది వేస్తారు. కుడిచేతి చూపుడువేలు కొస సాంచెకు ఇచ్చి, ఎడమచేత్తో ముడి వేసేది నువ్వొక్కడివే. చిన్నప్పుడు నీ టిఫిను మోసుకొచ్చి నీ పక్కన నిలబడి చూసిన ముడి అది.

కార్ఖానాలో నీ పాళీ అయిపోయి రెండో జాబర్ వచ్చేటప్పుడు నువ్వేం చేసేవాడివి? ఏ నట్టు కదిపావో, ఏ పట్టా జరిపావో దానికి ఒక ఎర్రపోగు కట్టేవాడివి. వచ్చినవాడు చూసి, అర్థం చేసుకుని, అప్పుడు విప్పాలి. చూడకుండా విప్పినవాణ్ణి, కట్టకుండా కదిపినవాణ్ణి షెడ్డులో అడుగు పెట్టనిచ్చేవాడివి కాదు. ఎర్రపోగు కట్టకుండా సాంచె కదిపినోడు దొంగ అని నాకు ఎనిమిదేళ్లప్పుడు చెప్పావు. నా పట్టాకు ఎర్రపోగు కట్టలేదు నువ్వు. నేను కట్టినట్టే కనపడాలని నల్లదారం మళ్లీ కట్టావు. అంత తీరిక ఉంది నీకు.

ఎందుకు చేశావో నాకు తెలియదు. ఆడపిల్ల పేరు బోర్డు మీద చూడలేకనా? నలుగురిలో ఆఫీసు అని చెప్పుకున్న మాట తేలిపోతుందనా? కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? పరాయివాడు చేసి ఉంటే పోలీసుల దాకా పోయేదాన్ని. నీకు ఉత్తరం రాస్తున్నాను. జవాబు రాయి. నోటితో చెప్తే నేను అరవాల్సి వస్తుంది.

నీ బిడ్డ,
ఊర్మిళ


భేస్తాన్,
ఏప్రిల్ 19

బిడ్డ ఊర్మిళకు,

నీ బాపు రాజలింగం రాసుడు. నీ ఉత్తరం మూడు పార్లు చదివిన. మీ అమ్మకు చదివి వినిపియ్యలే. ఆమె అడిగితె పింఛను కాయితమని చెప్పిన. ఇంకో అబద్ధం.

ఆ చెయ్యి నాదే. నువ్వు రాసినట్టే చేసిన. నువ్వు కాయితం తీస్కపోయినప్పుడు, సుమన్ హెల్మెట్ తెచ్చుకుందామని దిగిపోయినంక, చక్రం పక్కకు తిప్పి, నీ పద్నాలుగు నంబరు పానతోని రెండు పట్టాలు మూడో పొక్కల నుంచి నాలుగో పొక్కలకు మార్చిన. నల్లదారం గూడ నేనే కట్టిన. బోర్డు సంగతి నాకు తెల్వది బిడ్డా. ఎవ్వరు నాకు రాసి చూపియ్యలే. తెలిస్తె చెయ్యకపోదునా అంటె, అప్పుడు గూడ చేద్దును. అందుకె మాఫీ అడుగుతలేను, ముందుగాల సంగతి చెప్తున్న.

లైన్ల కార్లు జర జర ముందుకు జరుగుతున్నయి. సుమన్ క్లచ్చు వదిలి కారును ఎగేస్తున్నడు. నేను బానెట్ పక్క రేకు మీద అరచెయ్యి పెట్టి నడుస్తున్న. చెవులు పోయినంక నాకు చెయ్యే చెవి, నీకెరికే గద. ఎడమ దిక్కు లోపల్నుంచి టక్కుమని కొట్టింది. ఇంకోపారి ఎగేస్తె ఇంకోపారి కొట్టింది.  ఆ దెబ్బ నేనొకపారి ఇన్న.

సోమలింగం నీకు యాదికున్నడా? మన పాత గల్లీల ఉండె, ఒక్క కన్నోడు. నువ్వు మూడో తరగతి అప్పుడు, వాడు నడిపే సాంచె మీద పొద్దుగాల చెయ్యి పెడితె పట్టా బ్రాకెట్ల గిసొంటి దెబ్బనే తాకింది. వెల్డింగ్ ఇడుస్తున్నదని నాకు సమజైంది. ఎర్రపోగు కట్టిన. పొద్దుమీకి మాలు పోవాలె, సాంచె ఆపితె ఊకోనన్నడు కార్ఖాన సేఠు. నేను ఆపలే. పన్నెండు గొట్టంగ బ్రాకెట్ ఊడింది, నాడె ఎగిరిపోయి వాని కన్ను తీసింది. పోగు మాత్రం కట్టినకాన్నే ఉన్నది. అందరు నన్ను మెచ్చుకున్నరు, రాజలింగం పోగు కట్టిండు, వానిది తప్పు లేదన్నరు. పోగు ఎవ్వన్ని ఆపదని నాకు ఆ రోజు తెలిసింది. అటెన్క గూడ కడుతనే ఉన్న, అలవాటు కొద్ది కట్టిన.

ఇగ కారు లోపల కూసున్నది సుమన్. అంత జోరు మీద ఒక దిక్కు పట్టా ఊడితె బండి ఏ దిక్కు తిరుగుతదో నాకు తెల్వది. నిన్ను పిలుద్దునా అంటె నువ్వు కనిపిస్తలేవు. సుమన్‌కు చెప్దునా అంటె వాని నోట్ల మాట దాగది. సేఠుకు చెప్దునా అంటె ఆయన చుట్టు ఎనిమిది మంది ఉన్నరు. ఆ వెల్డింగ్ నువ్వు చేసింది. బాపే అందరి ముంగట బిడ్డ పని కచ్చా అన్నంక నిన్నెవలు పనికి పిలుస్తరు? పట్టా జర వదులు చేస్తె దాని మీద జోరు పడదు, పోరడు బతుకుతడు, నీ పేరు నిలుస్తది, పోతె రేసు పోతది అనుకున్న. రేసే గద, మల్ల వస్తదనుకున్న. నల్లదారం ఎందుకు కట్టిన అంటె, చెయ్యి అదే కట్టింది. దొంగ చెయ్యి కాబట్టి కట్టిందేమో.

ఎండకు తోలు సాగుతదన్న మాట, నువ్వు ఏడుస్తుంటె సూడలేక నోటికొచ్చింది అన్న. దాన్ని నువ్వు తీస్కపోయి సేఠుకు చెప్తవని అనుకోలే. నా బిడ్డ తన తప్పు తానే చెప్పుకుంటదని నాకు తెలిసి ఉండాలె.

ఆ బ్రాకెట్ విప్పి చూడు. ఎడమదాని వెల్డింగ్ పగిలి ఉంటది. చూసినంక ఎంతనన్న తిట్టు.

బాపు
రాజలింగం


కోసాడ్,
ఏప్రిల్ 27

బాపూ,

నీ ఉత్తరం అందిన రోజే బ్రాకెట్లు విప్పలేకపోయాను. కారు ఆ పుణె ఆయన చేతిలో ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. నా పట్టాల బ్రాకెట్లు ఇంకా కారుకే ఉన్నాయి, వాటిని చూసుకోవాలని అడిగితే శనివారం మధ్యాహ్నం కారు జాకీ మీద లేపి, "చూసుకో బెహన్" అని టీకి పోయాడు.

రెండు బ్రాకెట్లూ కోసి బయటికి తీశాను. గ్రీజు కడిగి, పగుళ్లు చూసే ఎర్రరంగు కొట్టి, తుడిచి, మీద తెల్లపొడి కొట్టి కూర్చున్నాను. వెంట్రుకంత పగులున్నా తెల్లపొడి మీద ఎర్రగీత లేస్తుంది. పావుగంట ఆగాలి. ఆ పావుగంట నా మనసు ఎటు మొక్కుకుందో నీకు చెప్పాలి. గీత లేవాలని మొక్కుకుంది. నా వెల్డింగ్ పగిలి ఉండాలని, నువ్వు తమ్ముడి ప్రాణం కాపాడి ఉండాలని, నాకు నీ మీద కోపం పోవాలని కోరుకున్నాను.

గీత లేవలేదు బాపూ. ఎడమదానికీ లేదు, కుడిదానికీ లేదు. తెల్లగా ఉన్నాయి. నమ్మకం చాలక ఇంకోసారి కడిగి మళ్లీ కొట్టాను. నా వెల్డింగ్ మంచిగా ఉంది.

మరి నీ అరచేతికి తాకింది ఏమిటి? అదే బ్రాకెట్లను మళ్లీ అంటించి, పట్టాలు మూడో బెజ్జంలో బిగించి, సుమన్‌ను కూర్చోబెట్టి గ్యారేజీ వెనక సందులో కారు ఎగేయించాను. నేను రేకు మీద చెయ్యి పెట్టాను. టక్కుమంది. మళ్లీ ఎగేస్తే మళ్లీ టక్కుమంది. అది ఊడిపోయే దెబ్బ కాదు, పట్టా పట్టుకున్న దెబ్బ. ముక్కు లేచి, తోలు కొంచెం ఇచ్చి, ఇక లేవకు అని ఆపుతుంది చూడు, ఆ దెబ్బ. నాలుగు నెలలు నేను ఆ దెబ్బ కోసమే వెతికాను. అది ఎడమవైపే ఎందుకు తాకిందంటే, రెండు పట్టాలనూ నేను సరిసమానంగా కొయ్యలేదు. ఎడమది గోరంత పొట్టి, ముందు బిగుస్తుంది. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. రేసు ఓడేంత తప్పు కాదు.

అంటే నీ చెయ్యి పొరబడింది. సోమలింగం కన్ను ఇరవై ఏళ్లుగా నీ అరచేతిలోనే ఉండిపోయింది, అందుకని ఏ దెబ్బ తగిలినా నీకు అదే అనిపిస్తోంది. ఇది రాయడానికి నాకు వారం పట్టింది.

సుమన్‌కు అంతా చెప్పాను. వాడి నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా చెప్పాను, ఎందుకంటే కారులో కూర్చున్నది వాడే. వాడు పోయి కారు బానెట్ మూసివచ్చాడు. తర్వాత, "పగిలిందనే రాయక్కా. ముసలాయనకు చెవులు పోయినయి, చెయ్యి గూడ పోయిందని చెప్తవా?" అన్నాడు. మల్లేష్‌కు కూడా చెప్పాను, అతనూ అదే అన్నాడు. నేను అలాగే ఒక ఉత్తరం రాశాను. నువ్వన్నట్టే పగిలి ఉంది, తమ్ముణ్ణి కాపాడావు, నన్ను మన్నించు అని రాశాను. చక్కగా వచ్చింది ఉత్తరం. చదువుకుంటే నాకే ఏడుపొచ్చింది. మడిచి కవర్లో పెట్టబోతుంటే తోచింది, నేను నల్లదారం కడుతున్నానని. నువ్వు నాకు చేసిందే నేను నీకు చేస్తున్నాను. నా బాగు కోసం నువ్వు నాతో అబద్ధమాడావు, నేను రెండు నెలలు నా చెయ్యి మీద నమ్మకం పోగొట్టుకున్నాను. నీ బాగు కోసం నేను అబద్ధమాడితే, రేపు ఇంకోసారి నీ చెయ్యి పొరబడితే ఎవరు చెప్తారు? చింపేసి ఇది రాస్తున్నాను.

నా కోపం పోలేదు. తగ్గింది గానీ పోలేదు. నువ్వు తమ్ముడి కోసం భయపడ్డావు, అది నాకు అర్థమైంది. నీ స్థానంలో ఉంటే నేనూ వణికిపోయేదాన్ని. కానీ నువ్వు నన్ను పిలవలేదు. ఫోన్ నీ జేబులో ఉంది. వినపడకపోతే మానె, మిస్డ్ కాల్ ఇచ్చినా ఉరికివచ్చేదాన్ని. ఇద్దరం కలిసి చెయ్యి పెట్టి చూసేవాళ్లం. అనుమానం తీరకపోతే నేనే పట్టా వదులు చేసేదాన్ని. ఓడినా నా చేత్తో నేను ఓడేదాన్ని బాపూ. నా పేరు నిలబెడదామనుకుని నా చేతిలోంచి నా పని లాక్కున్నావు.

పోగు ఎవ్వన్ని ఆపదని రాశావు. నిజమే, ఆపదు. నాడె ఎగిరిన రోజు సాంచె ఆపాల్సింది నువ్వు, పోగు కాదు. కానీ పోగు ఉంది కాబట్టే తప్పెవరిదో తెలిసింది. లేకపోతే ఆ తప్పు సోమలింగం మీదికే పోయేది, సాంచె నడిపింది వాడు కదా. నా విషయంలో అదే అయింది. పోగు లేదు కాబట్టి తప్పు నా మీదికి వచ్చింది.

అందుకని ఒకటి అడుగుతున్నాను. సేఠ్‌కు నేను చెప్పను. మా బాపు చేశాడని నేను చెప్తే, ఓడినదానికి సాకు వెతుక్కున్నాననుకుంటాడు. నువ్వు రావాలి. ఆల్థాన్‌కు వచ్చి, ఆయన ఎదుట నిలబడి, నీ నోటితో చెప్పాలి. ఆయన ఏమంటాడో నీకు వినపడదు, అది నీ అదృష్టం. వస్తే నీ చెయ్యి కూడా తీసుకురా. పగిలిన బ్రాకెట్ ఒకటి నేను తయారుచేసి పెడతాను. మంచిదాని దెబ్బ, పగిలినదాని దెబ్బ రెండూ చూద్దువు గాని. చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని సాంచె మీద పెట్టింది నువ్వు. ఈసారి నేను పెడతాను.

రానంటే నాకు రాయాల్సిన పని లేదు. నేనే అర్థం చేసుకుంటాను.

ఊర్మిళ


భేస్తాన్,
మే 4

బిడ్డా,

నిన్న నువ్వు మీ అత్తగారి దిక్కు పెండ్లికి పోయినవని అమ్మ చెప్పింది. నువ్వు లేనప్పుడే పొయ్యి చెప్పాలె అనుకున్న. నువ్వు పక్కన ఉంటె నీ మొఖం చూసుకుంట ఏదన్న ఒకటి సదిరి చెప్తనని భయమైంది. పొద్దుగాల బస్సెక్కి ఆల్థాన్ పోయిన.

దుకాణం నిండ మంది ఉన్నరు. ఆగుదామా అనుకున్న. ఆ రోజు అందరి ముంగట నువ్వు మాట పడ్డవు, నేను చాటుకు పిలిచి చెప్పుడేందని, అందరి ముంగటనే చెప్పిన. తోలు సాగలేదన్న. పట్టా వదులు చేసింది నేనన్న. వెల్డింగ్ పగిలిందనుకున్న, పగలలేదు, నా చెయ్యి తప్పు చెప్పింది అన్న. నా బిడ్డ మూడో పొక్కల పెట్టింది, పొద్దున మూడు పరుగులు మూడో పొక్కలనే వచ్చినయి అన్న. నా హిందీ ఎట్లున్నదో గాని అందరు పని ఆపి చూసిండ్రు.

ఓంప్రకాష్ సేఠ్ ఏందో శానసేపు మాట్లాడిండు. చేతులు గూడ తిప్పిండు. తిడుతున్నడని సమజైంది. నాకు వినపడదు సేఠ్, రాసియ్యి అన్న. బిల్లు పుస్తకంల కాయితం చింపి హిందీల ఒక్క ముక్క రాసిచ్చిండు. మన గల్లీ లతతోని తెలుగుల రాపిచ్చుకున్న. "కారు పట్టాలు మళ్లీ మూడో దాంట్లో పెట్టమను, సోమవారం నేను చూస్తా" అని ఉన్నదట. బోర్డు ముచ్చట అందుల లేదు. నేను అడగలే, అది నాది కాదు, నువ్వు అడుగు. ఆ పుణె ఆయన మాత్రం నన్ను బయటిదాక తోలిచ్చి నా చెయ్యి పట్టుకున్నడు, ఎందుకో.

పట్టాలు అక్కడనే బల్ల మీద ఉన్నయి. ముట్టుకోలే. సోమవారం నేను రానా వద్దా నువ్వే చెప్పు. వస్తె చెయ్యి నువ్వు పెట్టమన్నకాడనే పెడుత.

ఈ కాయితం మూలకు ఎర్రపోగు కట్టిన. ఫిబ్రవరిల కట్టవలసింది. చూసినవు గద, ఇగ నువ్వే విప్పు.

బాపు
రాజలింగం